ఆరో నెల గర్భిణికి కరెంటు చికిత్స: దేనికి భయపడాలి, దేనికి అక్కర్లేదు

రాజోలు దగ్గరి ఊరి నుంచి ఒక అన్న అడిగిన ప్రశ్న ఇది. చెల్లెలికి ఇరవై ఐదేళ్లు, ఆరో నెల. నాలుగేళ్లుగా బైపోలార్ జబ్బుకు (కొన్నాళ్లు మనసు అతిగా పొంగిపోవడం, కొన్నాళ్లు కుంగిపోవడం) మందులు వాడుతూ బాగానే ఉండేది. నెల తప్పిందని తెలియగానే ఇంట్లోవాళ్లు మందులన్నీ ఒక్కసారిగా ఆపేశారు. ఇప్పుడు పన్నెండు రోజులుగా అన్నం సరిగా ముట్టడం లేదు, మంచం దిగడం లేదు. అడిగితే "లోపల బిడ్డ చచ్చిపోయింది, నాకెందుకు తిండి" అంటోంది. చూసిన డాక్టరు ఈసీటీ, అంటే జనం కరెంటు షాక్ అనే చికిత్స, ఇద్దామన్నారు. "కడుపుతో ఉన్న పిల్లకు కరెంటు పెట్టిస్తారా" అని ఆ అమ్మాయి అత్తగారు ఒప్పుకోవడం లేదు. బిడ్డకు ఏమీ కాదని హామీ ఇవ్వగలరా అని అన్న అడుగుతున్నారు.

హామీ ఇవ్వలేను. మామూలు కాన్పుకు కూడా ఏ డాక్టరూ అలా రాసివ్వలేరు. కానీ సూటిగా ఒక మాట చెప్పగలను. మీ చెల్లెలు ఉన్న పరిస్థితిలో, సరైన ఏర్పాట్లున్న చోట ఇచ్చే ఈసీటీ వల్ల బిడ్డకు ఉన్న ప్రమాదం తక్కువ. ఇలాగే వదిలేస్తే తల్లికీ బిడ్డకూ ఉన్న ప్రమాదం చాలా ఎక్కువ. గర్భం ఈసీటీకి అడ్డంకి కాదు, ఏ నెలలోనైనా ఇస్తారు. అయితే కాన్పుల డాక్టరు, మత్తు డాక్టరు, పుట్టిన బిడ్డను చూసే వార్డు, మూడూ ఒకే ఆవరణలో ఉన్న ఆసుపత్రిలోనే ఇప్పించండి. మానసిక వైద్యుడు ఒక్కడే ఉండే చిన్న క్లినిక్‌లో వద్దు. నా క్లినిక్ కూడా అలాంటిదే, అక్కడ నేను గర్భిణికి ఇవ్వను.

ఇది చదువుతుండగానే ఒకటి చూసుకోండి. నీళ్లు కూడా తాగకపోతున్నా, మూత్రం బాగా తగ్గినా, బిడ్డ కదలికలు తగ్గినా, చచ్చిపోతానని ఒక్కసారైనా అన్నా, నా సమాధానం పూర్తయ్యేదాకా ఆగకండి. ఈ రాత్రే పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కు ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, దారి చెబుతారు. కానీ తిండి మానేసిన గర్భిణిని ఫోనులో నయం చేయలేరు.

నా సంగతి కొంచెం. డెల్టాలో ఇరవై ఆరేళ్లుగా మానసిక వైద్యం చేస్తున్నాను. ఇన్నేళ్లలో గర్భిణులకు ఈసీటీ ఇచ్చింది పద్నాలుగు మందికి. పెద్ద సంఖ్యేమీ కాదు, అయినా పద్నాలుగు మందీ గుర్తున్నారు. ఇవ్వవలసి ఉండీ ఇవ్వని ఒకావిడ వాళ్లందరికన్నా ఎక్కువ గుర్తుంది. ఆవిడ సంగతి తర్వాత చెబుతాను.

ముందు కరెంటు. తడి చేత్తో స్విచ్చి ముట్టుకున్నప్పుడు కరెంటు చేతిలోంచి వచ్చి కాళ్ల గుండా భూమిలోకి పోతుంది. దారిలో గర్భసంచి ఉంటుంది. అలాంటి ప్రమాదాల్లో కడుపులో బిడ్డకు హాని జరిగిన సందర్భాలు ఉన్నాయి కాబట్టి అత్తగారి భయాన్ని మూఢనమ్మకమని కొట్టిపారేయకండి. ఈసీటీలో మాత్రం రెండు ఎలక్ట్రోడ్లూ తల మీదే ఉంటాయి, ఎక్కువగా రెండు కణతల దగ్గర. కరెంటు ఒకదాని నుంచి బయలుదేరి రెండోదాన్ని చేరుతుంది. అది కూడా ఒక ఆంపియర్‌కు లోపు, చిన్న చిన్న తునకలుగా, కొద్ది సెకన్ల పాటు. దాంతో మెదడులో కాసేపు ఫిట్స్ వస్తుంది, చికిత్స అదే. రెండు తూముల మధ్య బోదెలో పారే నీరు పక్క ఊరి చెరువులోకి ఎగిరి పడదు కదా. గర్భసంచి ఆ దారిలోనే లేదు.

పెద్దవాళ్లు నన్ను నిలదీసే మాట ఇంకొకటి ఉంది. మండపేట వైపు నుంచి కోడలిని తీసుకొచ్చిన ఒక పెద్దావిడ అడిగారు: "కడుపుతో ఉన్నవాళ్లకు ఫిట్స్ వస్తే గుర్రపువాతం అంటారు. ప్రాణం మీదికి వస్తుందని మీరే నెలనెలా బీపీ చూస్తారు. మళ్లీ మీరే కావాలని ఫిట్స్ తెప్పిస్తారా బాబూ?" అంత మంచి ప్రశ్న పీజీ పరీక్షలో కూడా నన్నెవరూ అడగలేదు.

గుర్రపువాతంలో, అంటే డాక్టర్లు ఎక్లాంప్సియా అనే జబ్బులో, ఫిట్స్ అనేది పైకి కనిపించే ఒక లక్షణం. జబ్బు మాయలోనూ తల్లి రక్తనాళాల్లోనూ ఉంటుంది. బీపీ పెరిగి, మూత్రంలో ప్రొటీన్ పోతూ, కాలేయం, మూత్రపిండాలు, మెదడు దెబ్బతింటూ ఉండగా ఫిట్స్ వస్తుంది. అప్పుడు పక్కన ఆక్సిజన్ ఉండదు. ఒళ్లంతా కొట్టుకుంటుంది, ఊపిరి బిగుసుకుపోతుంది, ఎంతసేపు ఉంటుందో ఎవరికీ తెలియదు. ఈసీటీలో వచ్చే ఫిట్స్ మత్తులో, మాస్కు ద్వారా ఆక్సిజన్ ఇస్తూ ఉండగా వస్తుంది. కండరాలను ముందే సడలిస్తాం కాబట్టి అది మెదడులో జరుగుతుందే తప్ప ఒంట్లో దాదాపు కనిపించదు. అసలు వచ్చిందో లేదో తెలుసుకోవడానికి మేమే ఒక ఉపాయం పన్నాలి. సడలించే మందు ఎక్కించే ముందు ఒక కాలికి, మడమకు కాస్త పైన, బీపీ పట్టీ చుట్టి బిగిస్తాం. మందు ఒళ్లంతా పాకుతుంది గానీ ఆ పాదంలోకి వెళ్లదు. ఆ పెద్దావిడను గది తలుపు దగ్గర నిలబెట్టి చూడమన్నాను. పసుపు, పారాణి పెట్టిన పాదం. వేళ్లు ముప్పై నలభై సెకన్లు సన్నగా అదిరి ఆగిపోయాయి. మిగతా మనిషి నిద్రపోతున్నట్లే ఉంది. "ఇంతేనా?" అన్నారావిడ, కాస్త నిరుత్సాహంగా కూడా. సినిమాల్లో చూసిన గిలగిల ఆమె మనసులో ఉండిపోయింది.

సినిమాలను మాత్రమే తప్పుపట్టను. 1938లో రోములో సెర్లెట్టి, బిని ఈ చికిత్స మొదలుపెట్టినప్పుడు మత్తు లేదు. మన దగ్గర కూడా చాలా ఏళ్లు మత్తు లేకుండా ఇచ్చారు. విద్యార్థిగా నేను కళ్లారా చూశాను. నలుగురు పట్టుకునేవాళ్లు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 95వ సెక్షన్ మత్తు, కండరాలు సడలించే మందు లేని ఈసీటీని నిషేధించింది. ఆ చట్టం 2018 మే నుంచి అమల్లో ఉంది. ఎవరైనా "మత్తు అక్కర్లేదు, రెండు నిమిషాల పని" అంటే మీ చెల్లెలిని తీసుకుని వచ్చేయండి.

అయితే ఆ పెద్దావిడ ప్రశ్నలో సగం నిజం ఉంది. ఫిట్స్ సమయంలో బీపీ, గుండె వేగం కొన్ని నిమిషాలు పెరుగుతాయి. అందుకని ప్రతి సిట్టింగుకు ముందు బీపీ చూడాలి, ఆరో నెల దాటినవాళ్లకు మూత్రంలో ప్రొటీన్ కూడా చూడాలి. బీపీ అదుపులో లేని గర్భిణికి ముందు బీపీ సంగతి తేల్చాలి. గుర్రపువాతం రాకుండా ఇచ్చే మెగ్నీషియం ఇంజెక్షన్ కూడా ఈసీటీకి పొసగదు. అది ఫిట్స్‌ను అడ్డుకుంటుంది, సడలించే మందు ప్రభావాన్ని పెంచుతుంది.

ఇక నిజంగా భయపడవలసిన చోట్లు. ఇవన్నీ కరెంటు చుట్టూ ఉంటాయి, కరెంటులో ఉండవు.

అన్నిటికన్నా ముందు, కడుపు ఖాళీగా లేకపోవడం. గర్భిణి పొట్టలో ఉన్నది గొంతులోకి తన్నుకురావడం సులువు. మత్తులో ఉండగా అది ఊపిరితిత్తుల్లోకి జారితే తల్లి ప్రాణానికే ముప్పు. ఒకసారి లంక గ్రామం నుంచి ఏడో నెల అమ్మాయిని తీసుకొచ్చారు. తెల్లవారుజామున నాలుగింటికి పంటు మీద దాటి, ఆటో మారి, ఆరున్నరకు చేరారు. మూడో సిట్టింగు. సెలైన్ పెట్టాం, అంతా సిద్ధం. మత్తు డాక్టరమ్మ ఎందుకో చివరిసారిగా "దారిలో ఏమైనా తీసుకున్నావా అమ్మా?" అన్నారు. అమ్మాయి పలకలేదు. తల్లి చీర కొంగు వేలికి చుట్టుకుంటూ నసిగింది: "నోరెండిపోతోందంటే సెంటర్లో బొండం కొట్టించానండి. లోపలి లేత కొబ్బరి రెండు చెంచాలు తిన్నదంతే." ఆ రోజుకు రద్దు చేశాం. ఉత్త నీళ్లయితే రెండు మూడు గంటలు ఆగి చూసేవాళ్లమేమో, లేత కొబ్బరి తిండి కిందే లెక్క. ఆ తల్లి మీద కోపం రాలేదు. కడుపుతో ఉన్న కూతురిని ఎండలో పస్తు ఉంచడం ఏ తల్లికి మనసొప్పుతుంది? తప్పు మాదే. అంత దూరం వాళ్లను ముందురోజు రాత్రే చేర్చుకోవలసింది. ఇప్పుడు అలాగే చేస్తున్నాను, వరదల నెలల్లో అయితే మరీ తప్పదు. ఎన్ని గంటల ముందు తిండి, నీళ్లు ఆపాలో మత్తు డాక్టరును అడిగి రాయించుకోండి. పొట్టలో ఆమ్లాన్ని తగ్గించే మందు ముందుగా ఇస్తారు. నెలలు పెరిగేకొద్దీ మాస్కుతో సరిపెట్టకుండా గొంతులో గొట్టం వేస్తామని కూడా అంటారు. అలా అంటే జాగ్రత్తగా ఉన్నారని అర్థం, కేసు ముదిరిందని కాదు.

రెండోది పడుకోబెట్టే తీరు. ఐదో నెల దాటాక వెల్లకిలా పడుకుంటే బరువెక్కిన గర్భసంచి వెనకనున్న పెద్ద రక్తనాళాలను నొక్కుతుంది. తల్లి బీపీ పడిపోయి, బిడ్డకు చేరే రక్తం తగ్గుతుంది. విరుగుడు ఒక దిండు. కుడి పిరుదు కింద పెట్టి మనిషిని ఎడమవైపుకు ఒరిగేలా చేస్తాం. ఆ గదిలో అన్నిటికన్నా చవకైన వస్తువు అదే, హడావిడిలో మరిచిపోయేదీ అదే. మీరు అడగండి: "దిండు పెడతారా సార్?" విసుక్కున్నా ఫర్వాలేదు.

ఊపిరి విషయంలో ఒక చిన్న తేడా ఉంది, ఇది మత్తు డాక్టరు చూసుకునేది. మామూలు రోగులకు ఫిట్స్ బాగా రావడానికి ముందు గబగబా ఊపిరి కొట్టిస్తాం. గర్భిణికి అలా అతిగా చేయకూడదు. తల్లి రక్తంలో కార్బన్ డయాక్సైడ్ మరీ పడిపోతే బిడ్డకు ఆక్సిజన్ అందడం తగ్గుతుంది. లాలాజలం తగ్గించే ఇంజెక్షన్‌లో కూడా అట్రోపిన్ బదులు గ్లైకోపైరోలేట్ వాడతాం, అది మాయను దాటి బిడ్డను చేరడం చాలా తక్కువ. కండరాలు సడలించే సక్సినైల్‌కోలిన్ కూడా మామూలు మోతాదులో బిడ్డను పెద్దగా చేరదు. మత్తు మందు బిడ్డను చేరుతుంది, కానీ ఒక్కో సిట్టింగులో మత్తు ఉండేది కొద్ది నిమిషాలే.

మూడోది, నేను నిజంగా గుండె చిక్కబట్టుకుని చూసేది, కడుపు గట్టిపడటం. ఫిట్స్ తర్వాత గర్భసంచి బిగుసుకుని నొప్పులు మొదలుకావచ్చు. చాలామందిలో గంటలోపు వాటంతట అవే సద్దుమణుగుతాయి. ఒంట్లో నీరు తగ్గి ఉంటే ఎక్కువగా వస్తాయి, అందుకే ఖాళీ కడుపుతో ఉన్నవాళ్లకు ముందే సెలైన్ ఎక్కిస్తాం. నా పద్నాలుగు మందిలో ముగ్గురికి ఇలా అయింది. ఇద్దరికి సెలైన్‌తో తగ్గింది. వాళ్లలో ఒకరు ఆ బొండం తిన్న అమ్మాయే, ముప్పై ఎనిమిదో వారంలో మామూలు కాన్పు అయింది. మూడో ఆవిడకు నొప్పులు ఆపే మందు ఇవ్వవలసి వచ్చింది. అప్పటికి ఆగాయి గానీ, చివరి సిట్టింగు అయిన పది రోజులకు, ముప్పై నాలుగో వారంలోనే ప్రసవించింది. బిడ్డ పిల్లల వార్డులో పన్నెండు రోజులు ఉంది. ఈసీటీ వల్లనా, అంతకు ముందు నెలన్నర తిండి లేక చిక్కిపోవడం వల్లనా? నేను తేల్చి చెప్పలేను. ఈసీటీకి సంబంధం లేదని ఆ కుటుంబంతో అనలేదు, మీతోనూ అనను.

బిడ్డ గుండె సంగతి. ఫిట్స్ సమయంలో కొందరు బిడ్డల గుండె వేగం కాసేపు తగ్గి మళ్లీ మామూలవుతుంది. నాలుగో నెల నుంచి ప్రతి సిట్టింగుకు ముందూ వెనకా డాప్లర్‌తో గుండె చప్పుడు వినాలి. ఆరో నెల నుంచి ఇరవై నిమిషాలు పట్టే గ్రాఫు కూడా తీయాలి. మీ చెల్లెలికి ఇది తప్పనిసరి. అత్తగారిని దగ్గర కూర్చోబెట్టి ఆ చప్పుడు వినిపించమని నర్సును అడగండి. నేను చెప్పే పది మాటలకన్నా అది నయం. లోపల బిడ్డ చచ్చిపోయిందనుకుంటున్న తల్లికి మాత్రం వినిపించి వాదించకండి. జబ్బులో ఉన్న మనసు ఆ చప్పుడును కూడా నమ్మదు, "అది మిషన్ చప్పుడు" అంటుంది. నా దగ్గర ఒకావిడ సరిగ్గా ఆ మాటే అంది. నాలుగో సిట్టింగు తర్వాత తనే పొట్ట మీద చెయ్యి పెట్టుకుని "తంతోంది" అంది, ఎవరూ అడగకుండానే.

లెక్కలు అడిగేవాళ్ల కోసం. 1994లో అచ్చయిన ఒక సమీక్ష 1942 నుంచి 1991 దాకా నమోదైన 300 మంది గర్భిణుల కేసులు చూసింది. 28 మందిలో ఏదో ఒక చిక్కు కనిపించింది, వాటిలో చాలావాటికి ఈసీటీయే కారణమని చెప్పలేని పరిస్థితి. 2009 నాటి మరో సమీక్ష 339 కేసులు చూసింది. బిడ్డకు సంబంధించిన చిక్కులు 25, అందులో ఈసీటీ వల్ల అయి ఉండవచ్చని రచయితలు భావించినవి 11, వాటిలో రెండు మరణాలు. నేను మంచి మాటలే ఏరి చెబుతున్నానని మీరు అనుకోకూడదు కాబట్టి మూడోది కూడా: 2015లో నార్వే పరిశోధకులు 169 మంది కేసులు చూసి, గర్భిణికి ఈసీటీని చివరి మార్గంగానే, కట్టుదిట్టమైన కారణాలుంటేనే వాడాలన్నారు. నాకు వాళ్ల మాట కాస్త కటువుగా అనిపిస్తుంది. అవన్నీ విడివిడిగా అచ్చయిన కేసులు. ఏదైనా వికటిస్తే డాక్టరు రాసి పంపుతాడు, సాఫీగా జరిగిన వాటిని రాసేవాళ్లు తక్కువ. నా పద్నాలుగింటిలో ఒక్కటి కూడా ఎక్కడా అచ్చుకాలేదు. పైగా అంత జబ్బుతో, తిండి లేకుండా ఉన్న తల్లుల బిడ్డలకు ఈసీటీ ఇవ్వకపోయినా చిక్కులు ఎక్కువే. అయినా వాళ్ల హెచ్చరికను పక్కన పెట్టను. కాస్త దిగులుగా ఉన్న గర్భిణికి, మాట్లాడితే, మందు మారిస్తే కుదుటపడే మనిషికి ఈసీటీ అక్కర్లేదు. మీ చెల్లెలు ఆ దశ దాటిపోయింది.

ఇప్పుడు ఇవ్వని ఆవిడ సంగతి. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు. ఏడో నెల గర్భిణి, కొయ్యబారిపోయి ఉంది. చెయ్యి పైకెత్తి పెడితే అలాగే గాలిలో ఉంచేది, మాట లేదు, నోట్లో పెట్టిన ముద్ద మింగేది కాదు. దాన్ని కాటటోనియా అంటారు. దానికి వాడే లోరాజిపామ్ అనే మందు ఇచ్చాం, ఒక పూట కళ్లు తిప్పి చూసింది, మళ్లీ అంతే. ఈసీటీ ఇవ్వాలని తెలుసు. కడుపులో బిడ్డ, పైన నేను కుర్ర డాక్టరును. ఏమైనా జరిగితే ఊరంతా నన్నే అంటారన్న భయం. "ఇంకో వారం మందులతో చూద్దాం" అన్నాను. ఆ వారంలో ఒకరోజు ఆవిడ తల్లి వచ్చి "ఎడమ కాలు పట్టీ బిగుసుకుపోయింది బాబూ, తీయాలంటే రావడం లేదు" అంది. వెళ్లి చూశాను. వెండి పట్టీ ఒక కాలికి వదులుగా వేలాడుతోంది, రెండో కాలికి కండలోకి దిగి ఉంది. గర్భిణులకు కాళ్లు వాయడం మామూలే అన్నాను. రెండు కాళ్లూ వాచాయా, ఒక్కటేనా అని ఆలోచించలేదు. గర్భంలో రక్తం గడ్డకట్టే గుణం అసలే ఎక్కువ, పైన కదలకుండా, నీళ్లు లేకుండా రెండు వారాలు. మూడో రోజు తెల్లవారుజామున గడ్డ ఊపిరితిత్తుల్లోకి వెళ్లింది. తల్లీ బిడ్డా దక్కలేదు. ఆవిడకు నేను ఏ హానీ చేయలేదని కేసు కాగితాలు చెబుతాయి, ఎందుకంటే ఏమీ చేయలేదు.

ఇప్పుడు కదలని గర్భిణి ఎవరు వచ్చినా ముందు రెండు పిక్కలూ చేత్తో పట్టుకుని చూస్తాను. మీరు కూడా ఇంట్లో చూడండి. ఒక కాలు ఎక్కువగా వాచి, నొప్పిగా ఉంటే అది ఈసీటీ కన్నా ముందు తేలవలసిన విషయం. గడ్డ ఉంటే దానికి మందు మొదలుపెట్టాలి, అప్పటిదాకా ఫిట్స్ తెప్పించకూడదు.

నేను వద్దనే సందర్భాలు కూడా ఉన్నాయి. మాయ కిందికి ఉండి రక్తస్రావం అవుతున్నవాళ్లు, ఉమ్మనీరు పోతున్నవాళ్లు, నెలలు నిండకుండానే నొప్పులు మొదలైనవాళ్లు, తలలో గడ్డ వల్ల ఒత్తిడి పెరిగినవాళ్లు, ఇటీవల గుండెపోటు వచ్చినవాళ్లు. వీళ్లలో కొందరికి ఆ చిక్కు తీరాక ఇవ్వవచ్చు. కాబట్టి మొదటి సిట్టింగుకు ముందు కొత్త స్కానింగ్ ఒకటి ఉండాలి. ఐదో నెలలో తీసినది ఉంటే అదీ పట్టుకెళ్లండి, మాయ ఎక్కడుందో అందులో రాసి ఉంటుంది.

మందులతోనే సరిపెట్టలేమా అని మీరు అడగలేదు గానీ, అత్తగారు తప్పకుండా అడుగుతారు. సరిపెట్టవచ్చు, టైము ఉంటే. గర్భిణికి వాడదగ్గ మందులు ఉన్నాయి, మీ డాక్టరుకు తెలుసు. కానీ అవి పనిచేయడానికి వారాలు పడుతుంది, ముందు మాత్ర మింగాలి కదా. ఈసీటీతో సాధారణంగా మూడు నాలుగు సిట్టింగులకే తేడా కనిపిస్తుంది, వారానికి రెండు మూడు చొప్పున మొత్తం ఆరు నుంచి పది, పన్నెండు దాకా పడవచ్చు. అన్నీ మొదటే లెక్కకట్టి డబ్బు కట్టించుకునే చోట నాకు నమ్మకం తక్కువ. మనిషి తేరుకునే తీరును బట్టి ఆపాలి.

ఆపేసిన మందులు ఏమిటో చీటీ వెతికి చూడండి. వాల్‌ప్రోయేట్ ఉంటే ఆపడం సరైన పనే. ఆ మందు తీసుకున్న తల్లుల బిడ్డల్లో పదిమందిలో ఒకరికి పుట్టుకతో పెద్ద లోపాలు వస్తాయి, ముప్పై నలభై శాతం మందికి మెదడు ఎదుగుదలలో ఇబ్బందులు ఉంటాయి. పిల్లలు పుట్టే వయసులో ఉన్న అమ్మాయికి అది రాయడమే తప్పు. కానీ ఒకటి ఆపితే దాని చోట మరొకటి పెట్టాలి. గోడలోంచి ఇటుక తీసి వదిలేస్తే ఏమవుతుందో మీ చెల్లెలికి అదే అయింది. లిథియం అయితే కథ వేరు. మొదటి మూడు నెలల్లో బిడ్డ గుండెకు కొంత ప్రమాదం ఉంది, అది మోతాదును బట్టి ఉంటుంది, ఆ మూడు నెలలూ ఎలాగూ దాటిపోయాయి. మళ్లీ మొదలుపెట్టాలా వద్దా అన్నది మీ డాక్టరుతో మాట్లాడండి.

ఈసీటీ తర్వాత మీ చెల్లెలికి కొన్ని రోజుల సంగతులు గుర్తుండకపోవచ్చు. సిట్టింగులు జరిగిన వారాలు, వాటికి కాస్త ముందు జరిగినవి. ఏడో నెలలో సీమంతం చేస్తే ఫొటోలు తీసి ఉంచండి. నా దగ్గర ఒకావిడ తన సీమంతం ఫొటోలు చూసి, చీర ఎవరు ఎంచారని అడిగింది. తనే ఎంచుకుంది.

సంతకాల సంగతి. మీ చెల్లెలు మేజరు కాబట్టి, అర్థం చేసుకుని నిర్ణయించుకునే స్థితిలో ఉంటే ఒప్పుకోవలసింది ఆవిడే, అత్తగారూ మీరూ భర్తా కాదు. ఆ స్థితిలో లేకపోతే చట్టం ప్రకారం నామినేటెడ్ ప్రతినిధి, అంటే ఆవిడ తరఫున నిర్ణయం తీసుకునే మనిషిగా చట్టం గుర్తించేవారు, సంతకం పెడతారు. అత్యవసర చికిత్స కింద ఈసీటీ ఇవ్వడానికి అదే చట్టం ఒప్పుకోదు, అందుకని "అర్జెంటు, తర్వాత పెట్టవచ్చు" అన్న మాట ఒప్పుకోకండి. చేరే రోజే కాగితాలు పూర్తి చేయించండి. తేరుకున్నాక మిగతా సిట్టింగులకు ఆవిడనే అడగాలి.

చిన్న చిన్న విషయాలు రెండు మూడు, ఎవరూ ముందు చెప్పరు. మన వైపు తలకు కొబ్బరినూనె పెట్టకుండా ఆడపిల్లను గడప దాటించరు. సిట్టింగుకు ముందురోజు తలంటు పోయించి, నూనె పెట్టకండి. నూనె ఉంటే కణతల దగ్గర ఎలక్ట్రోడ్లు సరిగా పట్టవు. జడలో పిన్నులు, పూలు వద్దు. గోళ్ల రంగు తీసేయండి, వేలికి పెట్టే ఆక్సిజన్ క్లిప్పు సరిగా చదవదు. చేతినిండా గాజులుంటే సెలైన్ సూది, బీపీ పట్టీ పెట్టడం కష్టం. తీయకూడదని పెద్దవాళ్లు పట్టుబడితే ఒక చేతివి మాత్రం తీయించండి, మేం రెండో చేతి జోలికి వెళ్లం. ఎవరో కట్టిన తాయెత్తు మెడలో ఉంటే దాని గురించి ఇంట్లో తగువు పెట్టుకోకండి. గదిలోకి వెళ్లేటప్పుడు మెడలోంచి తీసి తల్లి చేతికి ఇచ్చి, బయటికి వచ్చాక వేసుకోనివ్వండి. నేను దానితో పోటీ పడటం ఎప్పుడో మానేశాను.

సిట్టింగులు అయ్యాక ఒక పెద్ద పొరపాటు జరుగుతుంది. మనిషి లేచి కూర్చుని అన్నం తింటోంది కదా, ఇక మందులెందుకని ఆపేస్తారు. ఈసీటీ గండం గట్టెక్కిస్తుంది. తర్వాత మందు లేకపోతే చాలామందిలో జబ్బు కొద్ది నెలల్లోనే తిరిగి వస్తుంది. బైపోలార్ ఉన్నవాళ్లకు కాన్పు తర్వాతి మొదటి వారాలు అన్నిటికన్నా ప్రమాదమైన కాలం. నిద్ర లేకపోవడం దాన్ని రెచ్చగొడుతుంది, కాబట్టి రాత్రి పూట బిడ్డను ఎత్తుకోవడానికి ఇంకో మనిషి ఉండాలి. మన దగ్గర ఆ సమయానికే ఆడపిల్ల అత్తింటి నుంచి పుట్టింటికి మారుతుంది. అక్కడి డాక్టరు చీటీ అక్కడే ఉండిపోతుంది, ఇక్కడివాళ్లు బాలింతకు మాత్రలు వేడి చేస్తాయంటారు, మధ్యలో మందు జారిపోతుంది. నా దగ్గరికి కాన్పు తర్వాత తిరిగి వచ్చినవాళ్లలో సగానికి పైగా ఇలా రెండిళ్ల మధ్య మందు పోగొట్టుకున్నవాళ్లే. మీ చెల్లెలు పురిటికి రాబోయేది మీ ఇంటికి. ఆ చీటీ ఒక కాపీ ఇప్పుడే మీ ఫోనులో ఫొటో తీసి పెట్టుకోండి, కాన్పుల డాక్టరుకు ఒకటి ఇవ్వండి, రోజూ రాత్రి మాత్ర ఇచ్చే పని మీ అమ్మగారిదా మీదా అన్నది ఆ అమ్మాయి రాకముందే తేల్చుకోండి.